నాలుగడుగుల అక్వేరియం పెట్టాలంటే ముందు మన ఎండల సంగతి చూడండి

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకులో దాదాపు 450 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే నాలుగున్నర క్వింటాళ్లు. గాజు, కంకర, స్టాండు కలిస్తే ఆరు దాకా పోతుంది. కాబట్టి షాపుకెళ్లే ముందే చోటు చూసుకోండి. పై అంతస్తయితే గది మధ్యలో కాకుండా కింద బీమ్ ఉన్న గోడవార పెట్టాలి, అనుమానముంటే ఇంజినీరుని అడగండి. పడమటి కిటికీ పక్కన వద్దే వద్దు, సాయంత్రం ఎండకి నీళ్లు కాగిపోతాయి, నాచు పట్టేస్తుంది. గాజు 12 ఎంఎం తీసుకోండి. స్టాండుని రసమట్టంతో చూసి, ప్లైవుడ్ మీద థర్మోకోల్ షీటు పరిచి ట్యాంకు దించండి.

చాలామంది ముందు హీటర్ కొంటారు. మన ఇళ్లలో అసలు ఇబ్బంది చలి కాదు, వేడి! నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములు దాటి ఉండేది 33 దగ్గర 7కి దిగుతుంది, పైగా ఆ వేడిలో చేపకి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే. మూత తీసి వల కప్పి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే. ఆవిరైన మేరకు మళ్లీ నింపుతుండాలి. కరెంటు పోయినా ఆగకుండా ఎయిర్ పంపుని ఇన్వర్టర్ లైనుకి కలపండి, అది తినే కరెంటు చాలా తక్కువ.

ఫిల్టరు గంటకి కనీసం 2,000 లీటర్లు తిప్పేది కావాలి, ఈ సైజుకి క్యానిస్టరో (బయట పెట్టే డబ్బా ఫిల్టరు) సంపో (ట్యాంకు కింద పెట్టే ఫిల్టరు తొట్టి) నయం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

ఇక ఓపిక పట్టాల్సిన పని. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటిసారి నేను మూడో రోజే ఏంజెల్ చేపలు వేసేశాను, వారంలో ఒక్కటీ మిగల్లేదు, ఇప్పటికీ బాధే. చేపలు వేయకుండా నీళ్లున్న ట్యాంకులో రోజూ చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించేదాకా ఆగండి. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే పని తొందరగా అవుతుంది.

చేపల విషయంలో ఏంజెల్, గౌరామి మన వేడికి బాగానే తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్‌ది చల్లటి నీళ్ల ఒళ్లు, వద్దు. బోరు నీళ్లు బాగా కఠినంగా ఉంటే మెత్తటి నీళ్లు కోరే డిస్కస్ చేప జోలికి పోకుండా ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపలు పెంచుకోండి, వాటికి అవే కావాలి. ఒకేసారి కాకుండా వారానికి నాలుగైదు చొప్పున వేయండి. నాచు తింటుందని సక్కర్ క్యాట్ ఫిష్ అంటగడతారు, అది అడుగు దాటి పెరుగుతుంది, పెంచలేమనిపిస్తే షాపులోనే తిరిగిచ్చేయండి కానీ చెరువులో వదలకండి, మన రైతులు దెయ్యం చేప అని తలపట్టుకుంటున్నది దాన్నే.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, ఆ తీసిన నీళ్లు మొక్కలకి పోయండి, కరివేపాకు చెట్టు ఏపుగా వస్తుంది.