పిల్లలతో హాలోవీన్ పెయింటింగ్: ముందు చందమామ, తర్వాతే దెయ్యం

హాలోవీన్ బొమ్మ వేద్దామా అనగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "దెయ్యం ఎలా వెయ్యాలి?" అనే. నన్నడిగితే దెయ్యం సంగతి చివర్లో చూసుకోవచ్చు. బొమ్మ చూడగానే ఒళ్లు జలదరించాలంటే ముందు ఆకాశం కుదరాలి. పైన వెలిగే చందమామ, చుట్టూ పసుపు, ఆరెంజ్, మూలలకు పోయేకొద్దీ చీకటి, ఇంతవరకు వస్తే చాలు, దాని మీద ఐదేళ్ల పిల్ల వంకరటింకరగా ఓ నల్లటి ఇల్లు గీసినా నిజంగా భయంగానే ఉంటుంది. అసలు ఇల్లు ఎంత వంకరగా ఉంటే అంత మంచిది. బొమ్మలు వెయ్యడం రాదని వెనకాడే పిల్లలకు కూడా ఇది చక్కగా కుదురుతుంది, అందుకే నాకు ఈ బొమ్మంటే అంత ఇష్టం.

సామాన్లు ఎక్కువేం అక్కర్లేదు. చిన్నపిల్లలకైతే 8x10 అంగుళాల కాన్వాస్, ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకైతే 11x14. చెక్క ఫ్రేముకు బిగించిన కాన్వాస్ కన్నా అట్టకు అంటించిన కాన్వాస్ ప్యానెల్ నయం, ధర తక్కువ, పైగా పిల్లలు గట్టిగా నొక్కినా లోపలికి కుంగదు. యాక్రిలిక్ రంగులు ఆరు చాలు: తెలుపు, పసుపు, ఆరెంజ్, మజెంటా (ముదురు గులాబీ), పర్పుల్, నలుపు. అమెరికాలో ఉన్నవాళ్లకు మైకేల్స్‌లోనో వాల్‌మార్ట్‌లోనో 2 ఔన్సుల చిన్న సీసాలు దొరుకుతాయి, ఇద్దరు పిల్లలకు అవి సరిపోతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఫెవిక్రిల్, కేమెల్ రంగులు ఏ స్టేషనరీ షాపులో అయినా ఉంటాయి. అమెరికాలో కొనేటప్పుడు సీసా మీద గుండ్రటి ఏపీ (AP, అప్రూవ్డ్ ప్రొడక్ట్) ముద్ర ఉందో లేదో చూడండి, హాని చేసేంత విషపదార్థాలు లేవని చెప్పే గుర్తు అది. పెద్ద ఆర్టిస్టులు వాడే ట్యూబుల్లో కాడ్మియం ఉన్న రంగులు కొన్ని ఉంటాయి, అవి పిల్లల చేతికి ఇవ్వకండి. ఒక అంగుళం వెడల్పు బ్రష్, ఒక మధ్యరకం, ఒక సన్నది, కాస్త స్పాంజి ముక్క, పేపర్ ప్లేట్లు, టిష్యూలు, స్ట్రాలు. అంతే.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. యాక్రిలిక్ తడిగా ఉన్నంతసేపే నీళ్లతో పోతుంది, ఆరిందంటే ప్లాస్టిక్ పొర అయిపోతుంది, ఇక ఉతికితే పోదు. కాబట్టి పాత టీషర్టులు వేయండి, బల్ల మీద న్యూస్‌పేపర్ పరచండి, బట్టల మీద పడితే తర్వాత చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడే సబ్బు, చల్లటి నీళ్లతో కడిగేయండి. ప్లేట్లో రంగు కూడా ఒకేసారి బోలెడు పొయ్యకండి, పిల్లలు సగం పని చేసేలోపే గట్టిపడిపోతుంది.

ఇక ఆకాశం. కాన్వాస్ మధ్యకు కాస్త పక్కగా, పైభాగంలో ఒక గిన్నె బోర్లించి పెన్సిల్‌తో చుట్టూ గీయమనండి. ఆ గుండ్రం లోపల తెలుపులో చిటికెడు పసుపు కలిపి నింపాలి. దాని చుట్టూ పసుపు, తర్వాత ఆరెంజ్, తర్వాత మజెంటా, చివర్న మూలల్లో పర్పుల్. గీతలు అడ్డంగా కాకుండా చందమామ చుట్టూ తిరిగేలా వెయ్యాలి, అప్పుడే వెలుగు దాన్నుంచే వస్తున్నట్టు ఉంటుంది. పక్కపక్క రంగులు రెండూ తడిగా ఉండగానే వాటి అంచుల మీద బ్రష్‌తో నెమ్మదిగా రాస్తే ఒకదాంట్లోకి ఒకటి కలుస్తాయి. యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది కాబట్టి ఇక్కడ కాస్త చురుగ్గా ఉండాలి, కావాలంటే ముందుగా కాన్వాస్‌ని తడి స్పాంజితో ఒకసారి తుడిచి మొదలుపెట్టండి.

చాలా ఇళ్లలో బొమ్మ పాడయ్యేది ఇక్కడే. ఆరెంజ్ పక్కనే పర్పుల్ పెట్టి కలిపితే బురద రంగు వస్తుంది. ఆరెంజ్‌లో ఎరుపు, పసుపు ఉన్నాయి, పర్పుల్‌లో ఎరుపు, నీలం ఉన్నాయి, మూడు మూల రంగులూ ఒకచోట చేరితే ఏర్పడేది మట్టి రంగే. మధ్యలో మజెంటా పెట్టమన్నది అందుకే, అది రెండు వైపులా గొడవ లేకుండా కలుస్తుంది. ఈ మాట పిల్లలకు నోటితో చెప్తే ఎక్కదు. ప్లేట్లో ఓ మూల ఆరెంజ్ చుక్క, పర్పుల్ చుక్క పక్కపక్కన వేసి వేలితో కలపమనండి, ఇంకో మూల ఆరెంజ్, మజెంటా కలపమనండి. మొదటిది చూసి ముఖం చిట్లిస్తారు, రెండోది చూసి కళ్లు పెద్దవి చేస్తారు, ఆ తర్వాత కాన్వాస్ మీద వాళ్లే జాగ్రత్తపడతారు. ఇంకో నియమం, లేత రంగు నుంచి ముదురు రంగు వైపే వెళ్లాలి. పర్పుల్‌లో ముంచిన బ్రష్‌తో మళ్లీ పసుపు దగ్గరికి రాకూడదు. రంగు మార్చినప్పుడల్లా బ్రష్ కడిగి, టిష్యూతో నీళ్లు పూర్తిగా తుడవాలి, లేకపోతే నీళ్లు కారి ఆకాశంలో చారలు పడతాయి.

చందమామ మీద మచ్చలకు తెలుపులో సూది మొనంత నలుపు కలిపి, నలిపిన టిష్యూతో అక్కడక్కడ అద్దితే చాలు.

ఇప్పుడు ఆరనివ్వాలి. పలచటి పూతైతే 15, 20 నిమిషాలు పడుతుంది, దట్టంగా పట్టించి ఉంటే ఇంకా ఎక్కువ. వేలి వెనక భాగంతో మెల్లగా తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. తొందరగా ఉంటే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి దూరం నుంచి పట్టొచ్చు. ఈ ఖాళీలో పిల్లలు ఎలాగూ అడుగుతారు, అసలు హాలోవీన్ ఎందుకు వచ్చిందని. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో కెల్టిక్ అనే పాతకాలపు జనం పంటకాలం అయిపోయి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండగ చేసుకునేవాళ్లు, ఆ రాత్రి చనిపోయినవాళ్ల ఆత్మలు తిరుగుతాయని వాళ్ల నమ్మకం. 19వ శతాబ్దంలో వలస వెళ్లిన ఐరిష్ వాళ్లు ఆ ఆచారాలను అమెరికా తీసుకెళ్లారు. ఐర్లాండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి ముఖాలు చెక్కేవాళ్లు, అమెరికాలో పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికేసరికి వాటిని వాడడం మొదలైంది. పోయినవాళ్లను తలచుకునే మన మహాలయ పక్షాలు కూడా ఇంచుమించు ఈ కాలంలోనే వస్తాయి, నానమ్మో అమ్మమ్మో దగ్గరుంటే ఆ సంగతులు వాళ్లను చెప్పమనండి, పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ఆరాక నలుపు. కింద రెండు మూడు అంగుళాలు ఎగుడుదిగుడుగా నేల వేసి, దాని మీద ఇల్లు నిలబెట్టాలి, ఒక పొడవాటి డబ్బా, పైన మొనదేలిన కప్పు, అంతే. వెలిగే కిటికీలు కావాలంటే నల్లరంగు వేసే ముందే ఆకాశం మీద కిటికీ సైజులో పేపర్ టేపు ముక్కలు అంటించి, పైనుంచి నలుపు పూసి, తడిగా ఉండగానే టేపు లాగేయాలి. కింద ఉన్న ఆరెంజ్ కిటికీలోంచి కనపడుతుంది. టేపు లాగే పని మాత్రం పిల్లలకే వదిలేయండి, వాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు! ఇల్లు పర్పుల్ భాగంలో పడితే ఈ ఉపాయం పనిచేయదు, నలుపు ఆరాక ముందు తెల్లటి చుక్క పెట్టి, అదీ ఆరాక పసుపు వెయ్యండి. పసుపు సాధారణంగా కాస్త పారదర్శకంగా ఉండే రంగు, నలుపు మీద నేరుగా వేస్తే అంతగా వెలగదు.

చెట్టుకు బ్రష్ అక్కర్లేదు. నల్లరంగులో నీళ్లు కలిపి పాలంత పలచగా చేసి, కాన్వాస్‌ని బల్ల మీద పడుకోబెట్టి, నేల అంచున ఒక చెంచాడు వదిలి, స్ట్రాతో పైకి ఊదమనండి. రంగు పరిగెడుతూ చీలిపోయి ఎండిన కొమ్మల్లా పాకుతుంది, ఎవరి చెట్టు వాళ్లదే, ఏ రెండూ ఒకలా రావు. చిన్నపిల్లలైతే స్ట్రా మధ్యలో కత్తెరతో చిన్న బెజ్జం పెట్టండి, పొరపాటున పీల్చినా రంగు నోట్లోకి రాదు. మధ్యమధ్యలో ఊదడం ఆపమనండి, ఏకబిగిన ఊదితే తల తిరుగుతుంది.

గబ్బిలాలు మూడు చాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి చందమామ మీద. ఎక్కువైతే దోమల గుంపులా ఉంటుంది.

ఇక దెయ్యం. సన్న బ్రష్‌కు కొంచెమే తెలుపు తీసుకుని, టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, ఆ పొడి బ్రష్‌తో ముదురు రంగు మీద మెల్లగా రుద్దాలి. తల దగ్గర కాస్త గట్టిగా, కిందికి వచ్చేకొద్దీ తేలిగ్గా, కాళ్ల దగ్గర ఏమీ లేకుండా. పొగలా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. కళ్లకు రెండు నల్ల చుక్కలు. పాదాన్ని రంగులో ముంచి అద్ది దెయ్యం చేయాలని పిల్లలు ముచ్చటపడితే దానికి యాక్రిలిక్ వద్దు, కడిగితే పోయే టెంపెరా రంగు తెచ్చుకోండి. చీకట్లో మెరిసే రంగు కొన్నట్టయితే తెలుపు మీదే వెయ్యండి, నలుపు మీద వేస్తే సరిగ్గా మెరవదు, లైటు కింద కాసేపు ఉంచాకే అది పనిచేస్తుంది.

మూడు నాలుగేళ్ల పిల్లలకు బూచి భయం నిజమైనదే. వాళ్లు దెయ్యం వద్దంటే నవ్వే గుమ్మడికాయ వేయనివ్వండి, బలవంతం చేయకండి. మరో మాట, దయచేసి వాళ్ల బొమ్మను మీరు సరిదిద్దకండి. మీకు చేతులు ఆగకపోతే పక్కనే మీ కాన్వాస్ ఒకటి పెట్టుకుని మీ బొమ్మ మీరు వేసుకోండి.

అంతా అయ్యాక కాన్వాస్ పక్క అంచులకు కూడా నలుపు పూస్తే ఫ్రేము అక్కర్లేదు. వెనక మార్కర్‌తో పేరు, వయసు, ఏడాది రాయించండి. బ్రష్‌లు రంగునీళ్ల గ్లాసులో నిలబెట్టి వదిలేయకండి, కుచ్చు వంగిపోతుంది, ముందు టిష్యూతో తుడిచి తర్వాత సబ్బుతో కడగండి. మిగిలిన రంగు సింకులో పోయకుండా ప్లేట్లోనే ఆరనిచ్చి చెత్తబుట్టలో వేయండి. బొమ్మలు స్కూలుకు పంపాల్సి ఉంటే ఆరినట్టే కనిపిస్తున్నాయి కదా అని ఒకదాని మీద ఒకటి పెట్టకండి, కొత్త యాక్రిలిక్ పూతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో వ్యాక్స్ పేపర్ పెట్టి పంపండి.