బ్యాంకు చేయించిన బీమాను సరిచేయించుకున్న తీరు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన తరువాత, మా కిరాణా దుకాణానికి అప్పు ఇచ్చిన బ్యాంకు చేయించిన బీమా పత్రాన్ని షరతులతో సహా పూర్తిగా చదివాను. అది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, అంటే ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు మించని సంస్థల కోసం 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పాలసీ. అగ్నిప్రమాదంతో పాటు వరద, తుఫాను, భూకంపం కూడా అందులోనే ఉన్నాయి.

చిక్కంతా బీమా మొత్తంలో ఉంది. దుకాణంలో 10 లక్షల సరుకు ఉండగా, అప్పుకు సరిపడా 6 లక్షలకే బీమా చేశారు. ఈ తేడా 15 శాతం లోపు ఉంటే కంపెనీ పట్టించుకోదు. అది దాటితే మాత్రం నష్టాన్ని అదే నిష్పత్తిలో కోస్తుంది కాబట్టి, 2 లక్షల సరుకు తడిసినా మాకు 1.2 లక్షలే వచ్చేది. ఈ కోత చిన్న వ్యాపారికి చాలా పెద్ద దెబ్బ. అందుకే స్టాకు వివరాలు జతచేసి, అదనపు ప్రీమియం కట్టి, ఎండార్స్‌మెంటు (పాలసీలో మార్పును నమోదు చేసే పత్రం) ద్వారా బీమా మొత్తాన్ని పెంచించాను.

దొంగతనం విషయం వేరు. వరద వంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగిన చోరీకే ఈ పాలసీ వర్తిస్తుంది గనుక, తాళం పగలగొట్టి చేసే చోరీకి విడిగా బర్గ్లరీ పాలసీ తీసుకున్నాను. కొనుగోలు బిల్లుల నకళ్లను ఇప్పుడు ఇంట్లోనూ భద్రపరుస్తున్నాను.