టరాంటులా కుబుసం విడిచే ముందు: కొత్తగా పెంచేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

పోయిన డిసెంబరులో ఒక రాత్రి డాలస్‌లోని మా ఇంట్లో, పెంచడం మొదలుపెట్టి ఏడాది కూడా నిండని నా కర్లీ హెయిర్ టరాంటులా అనే పెద్ద సాలీడు పెట్టెలో వెల్లకిలా పడి ఉండటం చూసి, అది చచ్చిపోయిందనే అనుకున్నాను. చెంచాతో తిరగేద్దామని మూత తీసి, చెంచా దానికి అంగుళం దూరంలో ఉండగా వెనక కాలొకటి సన్నగా వణకడంతో చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ చెంచా తగిలి ఉంటే నా చేతులతోనే దాన్ని చంపుకునేవాణ్ని. మరునాడు ఫోనులో ఈ సంగతి చెబితే అమ్మ, "కుబుసం విడిచే పాము జోలికి ఎవరైనా వెళ్తార్రా?" అని తేలిగ్గా తేల్చేసింది.

చచ్చిన టరాంటులా సాధారణంగా వెల్లకిలా పడదు. నిలబడిన చోటే కాళ్లన్నీ పొట్ట కిందికి పిడికిలిలా ముడుచుకుని ఉంటుంది. సాలీడుకు కాళ్లు ముడవడానికి కండరాలున్నా, ముఖ్యమైన కీళ్లను చాచడానికి కండరాలు లేవు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి నెట్టి, ఆ ఒత్తిడితోనే వాటిని చాస్తుంది. కుబుసం విడిచేటప్పుడు కూడా పొట్టలోని ద్రవాన్ని ముందు భాగానికి నెట్టి వీపు మీది పాత పెంకును పగలగొట్టుకుని, కాళ్లను మెల్లగా బయటికి లాక్కుంటుంది. ఒంట్లో నీరు తగ్గితే ఈ ఒత్తిడీ తగ్గి, కాళ్లు పాత చర్మంలోనే ఇరుక్కుపోతాయి. అందుకే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, కుబుసానికి వారాల ముందు నుంచే నీళ్ల గిన్నె ఎండకుండా చూసుకోవడం. చలికాలంలో హీటర్ నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక, పెట్టెలో ఒక మూలన కొబ్బరిపొట్టును కూడా కొంచెం తడిపి ఉంచాలి. అంతేగాని పెట్టె అంతా చిత్తడి చేయకూడదు.

కుబుసం విడిచే సమయం దగ్గర పడిందని టరాంటులాయే చెబుతుంది. తిండి మానేస్తుంది, కదలికలు మందగిస్తాయి, పొట్ట నిండుగా ఉండి నల్లబడుతుంది. పొట్ట మీద వెంట్రుకలు రాలి బోడిగా ఉన్న చోటు ఉంటే, కింద కొత్త వెంట్రుకలు సిద్ధమవుతుండటం వల్ల ఆ చోటు ముదురు రంగుకు తిరుగుతుంది. ఈ ఉపవాసం పెద్దవాటిలో నెలల తరబడి సాగవచ్చు. పొట్ట ముడతలు పడనంత కాలం కంగారు పడనక్కరలేదు, ఆకలేస్తోందేమోనని జాలిపడి పురుగులు వేయనూ కూడదు. వేసిన కీచురాయిని తినకపోతే ఆ పూటే తీసేయాలి, ఎందుకంటే మెత్తగా కదలలేని స్థితిలో ఉన్న టరాంటులాను ఆ కీచురాయే కొరికి తినగలదు. మట్టిలోకి దూరే మీల్‌వార్మ్ అనే మేత పురుగు మరీ ప్రమాదం; అది కనబడదు గనుక మనం మరచిపోతాం.

ఆ తరువాత అది నేల మీద పట్టులాంటి దారంతో తెల్లని పరుపు అల్లుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. పిల్లలకు కొద్ది నిమిషాల్లో పని అయిపోవచ్చు గాని, పెద్దవాటికి గంటలు పడుతుంది. ఈ సమయంలో పెట్టెను జరపకూడదు, మూత తీయకూడదు, దాని మీద నీళ్లు చల్లకూడదు. శ్వాసరంధ్రాలు పొట్ట అడుగున ఉంటాయి కాబట్టి, వెల్లకిలా ఉన్నప్పుడు పైనుంచి పడే నీరు నేరుగా వాటి మీదే పడుతుంది. చాలా గంటలు గడిచినా కాలు రాకపోతే మాత్రం, మెత్తని కుంచెను గోరువెచ్చని నీటిలో ముంచి ఇరుక్కున్న చోట మాత్రమే తడపవచ్చు. లాగితే కాలు ఊడుతుంది. ఊడిన కాలు తరువాతి కుబుసాల్లో మళ్లీ మొలుస్తుంది గాని, చిట్లిన పొట్టను కాపాడటం చాలా కష్టం.

చెట్టు తొర్రల్లో ఉండే జాతులను పెంచేవారికి ఇదంతా కనిపించకపోవచ్చు. 1899లో మన గుత్తి రైల్వే యార్డులో దొరికిన నమూనాతో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన నీలి టరాంటులా అలాంటిదే. నల్లమల వైపు అడవుల్లో అది అంతరించే అంచున ఉంది గనుక అక్కడి నుంచి పట్టి తెచ్చే ఆలోచన ఎవరూ చేయకూడదు. విదేశాల్లో పెంపకంలో పుట్టినవి దొరుకుతాయి, వాటికి నిలువుగా బెరడు పెట్టాలి. అది లోపల ఏం చేస్తోందో చూద్దామని ఆ బెరడును పైకెత్తకూడదు.

కుబుసం విడిచాక కొత్త కోరలు మల్లెమొగ్గల్లా తెల్లగా, మెత్తగా ఉంటాయి. తరువాత ఎర్రబడి, చివరికి నల్లబడి గట్టిపడతాయి. అవి నల్లబడే దాకా, అంటే పిల్లలకు నాలుగైదు రోజులు, పెద్దవాటికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా, ఆహారం వేయకూడదు. పాత చర్మాన్ని చేతితో కాక పొడవైన పట్టకారుతో తీయాలి, ఎందుకంటే అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటి పాత చర్మానికీ దురద పుట్టించే వెంట్రుకలు అంటుకుని ఉంటాయి, అవి కంట్లో పడితే ఇబ్బందే. ఆ చర్మం ఎండకముందే నీళ్లలో నానబెట్టి పొట్ట భాగాన్ని మెల్లగా విప్పితే, ఆడదానికి లోపల వీర్యాన్ని దాచుకునే చిన్న సంచి కనిపిస్తుంది. భూతద్దం కింద పెట్టి చూశాక, నా దానికి ఆ సంచి ఉందని తేలింది.