తొలి జెట్ ఫైటర్ ఫోటోకి పటం కట్టించడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి జెట్ ఫైటర్ ఫోటో గోడకి పెట్టుకోవాలని ఉందా? పటాలు కట్టే షాపు దగ్గరికి తర్వాత వెళ్దాం. ఫోటో తప్పుదైతే టేకు ఫ్రేమ్ వేయించినా డబ్బు దండగే.

1. ముందు ఆ విమానం ఏదో తేల్చుకోండి

అసలు పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. ఆ యుద్ధంలో నిజంగా రంగంలోకి దిగిన జెట్ ఫైటర్లు చాలా తక్కువ: జర్మనీ మెస్సర్‌ష్మిట్ 262, బ్రిటన్ గ్లోస్టర్ మెటియోర్, ఆఖర్లో జర్మనీయే హడావిడిగా చెక్క రెక్కలతో చేసిన హైంకెల్ 162.

ముక్కున ప్రొపెల్లర్ కనిపించగానే ఇది జెట్ కాదని పక్కన పడేయకండి. 1941 ఏప్రిల్‌లో 262 మొదటి నమూనా ఎగిరేనాటికి జెట్ ఇంజన్లు సిద్ధం కాలేదు, అందుకే ముక్కులో మామూలు పిస్టన్ ఇంజన్ బిగించి ఎగరేశారు. అమెరికా వాళ్లయితే తమ మొదటి జెట్ బెల్ ఎక్స్‌పీ-59 సంగతి ఎవరూ కనిపెట్టకూడదని, అది నేల మీద ఉన్నప్పుడు ముక్కుకి ఉత్తుత్తి ప్రొపెల్లర్ తగిలించారు! ఆ ఫోటో దొరికితే నేనైతే అదే కట్టిస్తాను.

చక్రాలు కూడా చూడండి. 1942 జూలై 18న జర్మనీలోని లైప్‌హైమ్‌లో టెస్ట్ పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ కేవలం జెట్ ఇంజన్లతో ఎగరేసిన 262కి తోక కింద చక్రం ఉండేది, పరుగులో తోక పైకి లేవకపోతే బ్రేకు తొక్కి లేపాల్సి వచ్చింది. తర్వాత వాటికి ముక్కు కింద చక్రం వచ్చింది. అంటే తోకచక్రం ఉన్న 262 ఫోటో తొలి నమూనాలదే.

262 మీద అమెరికా నక్షత్రం ఉంటే నకిలీ అనుకోకండి, పట్టుబడిన విమానాలకి వాళ్ల గుర్తులు వేసి పరీక్షించారు. రంగులతో తళతళలాడుతూ గాల్లో ఉన్న 262 ఫోటో మీద మాత్రం అనుమానం పెట్టుకోవాలి. ఆధునిక ఇంజన్లతో ఈ మధ్య కొత్తగా కట్టినవి ఎగురుతున్నాయి, అలాంటిదే అయ్యుండొచ్చు.

2. ఫైలు, సైజు

అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తీసిన ఫోటోలకి అక్కడ కాపీరైట్ లేదు. 1957 జూన్‌కి ముందు బ్రిటిష్ ప్రభుత్వం తరఫున తీసినవాటికి గడువు తీరిపోయింది. జర్మన్ జాతీయ ఆర్కైవ్ వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫోటోల సైటుకి ఇచ్చిన ఫోటోలైతే ఆర్కైవ్ పేరు, ఫోటోగ్రాఫర్ పేరు పేర్కొనమంటారు, పటం వెనక రాస్తే సరిపోతుంది.

అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్కేసుకోండి. 12×15 ప్రింటుకి 3600×4500 కావాలి. కాస్త దూరం నుంచి చూసే గోడకైతే 200 చొప్పున ఉన్నా పర్లేదు.

ల్యాబ్ వాళ్లు అలవాటుగా 12×18 అంటారు, అక్కడే చిక్కు. ఆ రోజుల్లో అమెరికా ప్రెస్ కెమెరాల నెగెటివ్ చాలావరకు 4×5 అంగుళాలది, దాన్ని 12×18లో నింపితే పైనో కిందో కోత పడి తోక సగం పోతుంది. అందుకే 12×15 అడగండి, లేదా 12×18 పేపర్ మీదే పక్కన తెల్ల అంచు వదిలి వేయమనండి.

3. ప్రింటు

గ్లాసీ వద్దు, మ్యాట్ తీసుకోండి. నలుపు తెలుపు ఫోటోని కలర్ పేపర్ మీద వేస్తే ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయ వస్తుంది, కాబట్టి ముందు చిన్న 4×6 వేయించి ఎండలో చూడండి. గీతలు, మరకలు ఉన్నా ఉండనివ్వండి. కంప్యూటర్‌తో నున్నగా చేయిస్తే లోహపు రేకుల మీద రివెట్లు కూడా చెరిగిపోతాయి.

4. పటం

నేను మొదటిసారి కట్టించినప్పుడు షాపతను ఫోటోని జిగురుతో హార్డ్‌బోర్డుకి అంటించి, మీద నేరుగా అద్దం పెట్టేశాడు. రెండు వానాకాలాలకే ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, తీయబోతే కుడి రెక్క ఊడి అద్దంతో వచ్చింది. కాబట్టి మౌంట్ బోర్డు, అంటే ఫోటో చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట, తప్పనిసరని గట్టిగా చెప్పండి, యాసిడ్ లేనిది దొరికితే మరీ మంచిది. అద్దానికీ ఫోటోకీ మధ్య ఆ మందం ఖాళీ ఉండాలి. ఫోటోని పైఅంచున రెండు చోట్ల మాత్రమే పేపర్ టేపుతో పట్టించమనండి, జిగురు వద్దు. నాలుగు వైపులా రెండున్నర అంగుళాలు వదిలితే 12×15 ఫోటోకి ఫ్రేమ్ లోపలి కొలత 17×20 అవుతుంది. ఫ్రేమ్ సన్నని నల్లది చాలు, దేవుడి పటాలకి వేసే బంగారు రంగు పువ్వుల బద్దీ దీనికి నప్పదు.

5. రాయడం, తగిలించడం

వెనక పెన్సిల్‌తో విమానం పేరు, చోటు, ఏడాది రాయండి. 262 అయితే ఇంకో ముక్క కూడా రాయాలంటాను: దాని భాగాల్లో ఎన్నో గూసెన్ లాంటి నిర్బంధ శిబిరాల్లో ఖైదీల చేత బలవంతంగా చేయించినవి. జర్మన్ విమానాల తోక మీద నాజీల స్వస్తిక ఉంటుంది, ఇంటికొచ్చిన పెద్దవాళ్లు మన స్వస్తిక్ అనుకుని ముచ్చటపడతారు, ఓపిగ్గా చెప్పుకోవాలి.

ఎండ పడే గోడ, బాత్రూమ్ పక్క గోడ, వానకి చెమ్మెక్కే గోడ వద్దు. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెడితే విమానం బదులు లైటే కనిపిస్తుంది. ఫ్రేమ్ కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది.