ఎడిన్‌బరో వెళ్లే మన బరంపురం వాళ్లకు

బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు. మా అమ్మాయి, అల్లుడు ఎడిన్‌బరోలో ఉంటారని తెలిసినవాళ్లు, లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే ముందు కొట్టుకొచ్చి అడుగుతుంటారు: "స్కాట్లండ్‌కి రెండు రోజులే కుదురుతుంది, ఏం చూడమంటారు?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మే, జూన్ మంచి నెలలు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు లోపే చీకటి పడిపోతుంది. ఆగస్టులో ఫ్రింజ్ నాటకోత్సవం, కోట ముందు మిలిటరీ టాటూ (సైనిక బ్యాండ్ల ప్రదర్శన) చాలా బాగుంటాయి గానీ గదుల రేట్లు మండిపోతాయి. నెలల ముందే బుక్ చేసుకోగలిగితేనే అప్పుడు వెళ్లండి. ఎప్పుడు వెళ్లినా గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు పట్టుకెళ్లండి.

మొదటి రోజు కోటతో మొదలుపెట్టండి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. కోట ఎత్తులో, చల్లారిపోయిన అగ్నిపర్వతం మీద ఉంది. అక్కడి నుంచి హోలీరూడ్ ప్యాలెస్ దాకా రాయల్ మైల్ వీధి పల్లానికే దిగుతుంది కాబట్టి పెద్దవాళ్లకు ఆయాసం రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు కోటలోనే ఉండేలా చూసుకోండి, అప్పుడు ఫిరంగి పేలుస్తారు. ఆదివారం మాత్రం ఉండదు. లీత్ రేవులోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి 1852 నుంచి కాల్టన్ కొండ మీది స్తంభం పైనుంచి ఒక బంతిని కిందికి జార్చేవారు. పొగమంచులో అది కనబడదు కదా! అందుకని 1861 నుంచి ఫిరంగి కూడా పెట్టారు. గోపాల్‌పూర్ రేవు పక్కన పెరిగిన మనకు ఈ సంగతి నచ్చుతుంది.

ఇక టార్టాన్. నన్నడిగితే ఒక పూట దీనికే కేటాయించాలి. గళ్ల బట్టే కదా అని దాటిపోకండి. పడుగులో రంగులు ఏ వరుసలో ఉంటాయో పేకలోనూ అదే వరుస. ఒకే రంగు పోగులు కలిసిన చోట ముదురు గడి, వేరు రంగులు కలిసిన చోట మిశ్రమ రంగు. దగ్గరగా చూస్తే నేతలో ఏటవాలు గీతలు కనిపిస్తాయి. మన ఫొడా కుంభ అంచు చూడగానే ఎక్కడిదో చెప్పేసినట్టే, వాళ్లు గళ్లు చూసి ఏ వంశానిదో, ఏ పటాలానిదో చెబుతారు. బ్రిటిష్ రాజు మీద లేచిన తిరుగుబాటు అణచివేశాక 1746లో చట్టం చేసి మగవాళ్లు హైలాండ్ (స్కాట్లండ్ ఉత్తర కొండసీమ) దుస్తులు వేసుకోకుండా నిషేధించారు, సైనికులకు మాత్రం మినహాయింపు. 1782లో దాన్ని ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చి కిల్టు (మగవాళ్లు నడుముకు కట్టే కుచ్చిళ్ల టార్టాన్ బట్ట) కట్టడంతో మోజు మళ్లీ పెరిగింది. ఆ రాక ఏర్పాట్లు చూసింది రచయిత వాల్టర్ స్కాట్. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో 61 మీటర్ల నల్లటి గోపురం ఆయన స్మారకమే.

చేత్తో కుట్టిన కిల్టుకు సుమారు 8 గజాల ఊలు బట్ట పడుతుంది, ధర వందల పౌండ్లు. కొనకపోయినా మంచి దుకాణంలో వెనక కుచ్చిళ్లు చూడండి. అంత మడిచినా గళ్లు తెగకుండా కలుస్తాయి. సైనికుల కిల్టుల్లోనైతే ప్రతి కుచ్చికీ ఒకే చార వచ్చేలా మడవడం ఉంది. నేత ఇళ్లలో పుట్టినవాళ్లు ఆ పనితనం దగ్గర కాసేపు నిలబడకుండా రాలేరు. మఫ్లర్ కొంటే లేబుల్ చదవండి. చౌకవి చాలామటుకు యాక్రిలిక్. వంశం లేదే అని మొహమాటపడక్కర్లేదు, నచ్చిన రంగులు తీసుకోండి.

సాయంత్రం ఎక్కడైనా కేలీ ఉందేమో కనుక్కోండి. అది అందరూ కలిసి వేసే నాట్యం. అడుగులు ముందు నుంచి ఒకరు చెబుతూనే ఉంటారు, రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. చీర కంటే చుడీదార్, మడమ లేని చెప్పులు మేలు. ఆడవాళ్లు గోడవారన కూర్చుండిపోవద్దు, పెద్దవయసువాళ్లు కూడా చక్కగా ఆడతారు.

తిండి గురించి టెన్షన్ అక్కర్లేదు. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి వండినది. శాకాహారులకు పప్పులు, కూరగాయలతో చేసింది చాలాచోట్ల దొరుకుతుంది, మిరియాల ఘాటుతో మన నోటికి బాగానే ఉంటుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

రెండో రోజు వాన పడితే చాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకు వెళ్లండి, ప్రవేశం ఉచితం. క్లోనింగ్‌తో 1996లో పుట్టిన డాలీ గొర్రె శరీరాన్ని భద్రపరిచి అక్కడే ఉంచారు. ఎండ కాస్తే, మోకాళ్లు బాగున్నవాళ్లు 251 మీటర్ల ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కండి. మిగతావాళ్లకు కాల్టన్ కొండ చాలు, ఊరూ సముద్రమూ రెండూ కనిపిస్తాయి.

వీధిలో బ్యాగ్‌పైప్ వాయించేవాళ్ల ఫొటో తీస్తే ఒక నాణెం వేయండి. చిల్లరలో స్కాటిష్ బ్యాంకుల నోట్లు వస్తాయి. చెల్లుతాయి గానీ ఇంగ్లండ్‌లో కొందరు కొట్టువాళ్లు వెనకాడతారు, బరంపురం తెస్తే మార్చుకోవడం ఇంకా కష్టం. ఎడిన్‌బరో దాటేలోపే ఖర్చుపెట్టేయండి.