వైరస్ విరేచనాలు: పేగు పొర కోలుకునేదాకా ఏం చేయాలి

ఇంట్లో ఎవరికైనా వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైతే అందరూ ముందుగా అడిగేది, వాటిని వెంటనే ఆపే మాత్ర ఏదైనా ఉందా అని. కారణం వైరస్ అయినప్పుడు దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: పేగులో దెబ్బతిన్నది ఏది, చెక్కుచెదరకుండా మిగిలింది ఏది? ఇంటి దగ్గర మనం చేయగలిగిన పనులన్నీ ఆ మిగిలిన భాగాన్ని నమ్ముకుని చేసేవే.

చిన్నపేగు లోపలి గోడను కప్పి ఉంచేది ఒకే ఒక్క వరుస కణాలు. ఆ వరుస చదునుగా ఉండక, తువ్వాలు మీద లేచి ఉండే నూలు పోగుల్లా, చూషకాలుగా పైకి పొడుచుకుని ఉంటుంది. చూషకాల మొదళ్ల దగ్గరున్న సన్నని గుంతల్లో మూలకణాలు ఎడతెగకుండా విభజన చెందుతూ ఉంటాయి. అక్కడ పుట్టిన కొత్త కణాలు మెల్లగా పైకి జరుగుతూ, దారిలోనే ముదిరి, మూడు నుంచి అయిదు రోజుల్లో కొనకు చేరి రాలిపోతాయి. నీటిని, లవణాలను, చక్కెరను పీల్చుకునే పని ప్రధానంగా పైనున్న ముదురు కణాలది. అడుగున ఉన్న లేత కణాలు పీల్చుకోవడం కన్నా నీటిని పేగులోకి వదలడమే ఎక్కువగా చేస్తాయి.

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన చిన్న ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి రోటావైరస్‌ను గుర్తించింది. ఈ వైరస్ దాడి చేసేది సరిగ్గా ఆ కొనల దగ్గరి కణాల మీదనే. ఆహారాన్ని జీర్ణం చేయడానికి మన శరీరం స్రవించే ట్రిప్సిన్ అనే ఎంజైము ఆ వైరస్ పైనున్న ఒక ప్రోటీన్‌ను తెంచుతుంది. అలా తెగిన తరువాతనే వైరస్ కణంలోకి సులువుగా చొరబడగలుగుతుంది. లోపలికి చేరాక అది తయారు చేయించే ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్, చుట్టుపక్కల కణాల్లో కాల్షియం మట్టాన్ని పెంచి, క్లోరైడును, దాని వెంట నీటిని పేగులోకి వదిలేలా చేస్తుంది. అందువల్ల చూషకాలు పెద్దగా పాడవకముందే విరేచనాలు మొదలు కావచ్చు. వాంతుల సంగతి మరీ చిత్రం: పేగు పొరలోనే అక్కడక్కడ ఉండే కొన్ని ప్రత్యేక కణాలు సెరటోనిన్‌ను విడుదల చేయగా, వేగస్ నాడి ఆ సంకేతాన్ని మెదడుకు చేరవేస్తుంది. వాంతి అయ్యేది నోటి నుంచే అయినా దాని మూలం చిన్నపేగులో ఉందన్నమాట.

వాంతులు, విరేచనాలు తెచ్చే మరో వైరస్ నోరోవైరస్. ఇది పెద్దలను, పిల్లలను ఒకేలా పట్టుకుంటుంది. పేగు కణాల మీదుండే కొన్ని రకాల చక్కెర గొలుసులకు అది అంటుకుంటుంది. ఆ గొలుసులను తయారు చేయడానికి అవసరమైన ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయనివారికి ఈ వైరస్‌లోని చాలా రకాలు సోకవు. ఒకే విందులో, ఒకే వంటకం తిన్నవారిలో కొందరు నిక్షేపంగా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇక చేయవలసిన పనికి వస్తే, రోటావైరస్ చేసే నష్టం పేగు పొడవునా ఒకే తీరుగా ఉండదు. బాగున్న భాగాల్లో ఒక గ్లూకోజ్ అణువుతోపాటు సోడియంను కూడా లోపలికి లాగే రవాణా ప్రోటీన్లు యథావిధిగా పనిచేస్తూనే ఉంటాయి, సోడియం వెంట నీరు వెళుతుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంతే నీటిలో, పొడి మొత్తాన్ని ఒకేసారి కలపాలి. సగం పొడిని అంచనాగా కలపడం, రుచి కోసం అదనంగా చక్కెర వేయడం రెండూ తప్పే. పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే వాటిలోని అధిక చక్కెర ఒంట్లోని నీటిని తిరిగి పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ప్యాకెట్ దొరికేదాకా ఆరు సమతలపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు లీటరు శుభ్రమైన నీటిలో కలిపి ఇవ్వవచ్చు. నాలుక మీద వేసి చూస్తే అది కన్నీటికన్నా ఉప్పగా ఉండకూడదు. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటాక పారబోయాలి.

ప్రతి విరేచనం తరువాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. దాహంతో ఉన్న పిల్లవాడు గ్లాసు లాక్కుని గటగటా తాగేస్తాడు, వెంటనే కక్కేస్తాడు. దాంతో ఏదీ ఇమడటం లేదని పెద్దలు ఆపేస్తారు. నా దృష్టిలో ఇంటి వైద్యం దారితప్పేది ఎక్కువగా ఇక్కడే. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున ఓపికగా పట్టిస్తే చాలావరకు లోపల నిలుస్తుంది.

తల్లిపాలు ఆపకూడదు, తిండీ మాన్పించకూడదు. కొత్త కణాలు పుట్టడానికి పోషణ కావాలి కదా. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైము కూడా చూషకాల పై కణాల్లోనే ఉంటుంది కాబట్టి కొందరు పిల్లలకు కొన్నాళ్లపాటు పాలు పడకపోవచ్చు, అయితే ఆ భయంతో అందరికీ ముందే పాలు మాన్పించవలసిన పని లేదు. పిల్లలకు వైద్యుల సలహాతో పది నుంచి పద్నాలుగు రోజులు జింక్ ఇస్తారు: ఆరు నెలలలోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వారికి 20. యాంటీబయాటిక్‌లు వైరస్‌ను ఏమీ చేయలేవు. పేగు కదలికను తగ్గించే లోపెరమైడ్ వంటి మాత్రలను చిన్నపిల్లలకు ఇవ్వకూడదు.

మలంలో రక్తం కనిపించినా, కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోయినా, మనిషి మగతగా ఉండి తాగడానికి కూడా లేవలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే అది వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచి ఉండటం కూడా ఒంట్లో నీరు బాగా తగ్గిందనడానికి గుర్తే.

రోటావైరస్ టీకాను నోటి ద్వారానే ఇస్తారు. అందులోని బలహీనపరచిన సజీవ వైరస్ పేగు పొరలోనే కొంత పెరిగి, అక్కడే రక్షణను తయారు చేయిస్తుంది. మొదటి మోతాదు శిశువుకు ఆరు వారాలు నిండాక మొదలవుతుంది, మిగిలినవి ఆయా టీకాను బట్టి ఉంటాయి.

ఇంట్లో మిగిలినవారికి సోకకుండా చూడటం నోరోవైరస్ విషయంలో మరింత కష్టం, ఎందుకంటే చాలా కొద్ది వైరస్ కణాలు లోపలికి వెళ్లినా జబ్బు వస్తుంది. దానికి కొవ్వు పొర లేదు కనుక ఆల్కహాల్ శానిటైజర్‌ను నమ్ముకోకుండా, సబ్బుతో, పారే నీటి కింద చేతులు రుద్ది కడుక్కోవాలి. వాంతి పడిన చోటును చేతి తొడుగులు వేసుకుని ముందుగా కాగితంతో ఎత్తివేసి, ఆ తరువాత అయిదు శాతం బ్లీచు ద్రవాన్ని లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి పోసి, కనీసం అయిదు నిమిషాలు అలాగే వదిలి తుడవాలి. ఆ బ్లీచులో వేరే క్లీనింగ్ ద్రవాలు ఏవీ కలపకూడదు. జబ్బు తగ్గినవారు లక్షణాలు ఆగిన తరువాత మరో 48 గంటలు వంటగది జోలికి వెళ్లకపోవడం మంచిది. మలంలో వైరస్ ఆ తరువాత కూడా రెండు వారాలదాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం, పడుతూ ఉండవచ్చు కాబట్టి డైపర్లు మార్చినవారు అన్నాళ్లూ ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.