మొదటిసారి రోగ్ తయారు చేస్తున్నారా? మీ పక్కన ఎవరున్నారో ముందు చూసుకోండి

మన ఇళ్లలో రోగ్ అంటే తిట్టు. అల్లరి చేసిన పిల్లాణ్ని తాతయ్యలు కసిరే మాట అది. అందుకేనేమో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపించే ఆట) ఆడటానికి కొత్తగా వచ్చినవాళ్లు రోగ్ క్లాస్, అంటే తమ పాత్రకి రోగ్ అనే వృత్తి, ఎంచుకోగానే "అయితే నేను దొంగనన్నమాట" అనుకుని, మొదటి ఆటలోనే తోటివాళ్ల సంచిలో చెయ్యి పెట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారాలు డీఎంగా, అంటే కథ నడిపే మనిషిగా కూర్చుంటాను. నాకు అర్థమైనంతవరకు రోగ్ ఒంటరి దొంగ కాదు, పక్కన మనిషి ఉంటేనే బలం వచ్చే క్యారెక్టర్. ఇది నా సెంటిమెంట్ కాదు, రూల్స్‌లోనే అలా రాసి ఉంది, ఎక్కడుందో కింద చూపిస్తాను.

ఈ ఆట 1974లో వచ్చినప్పుడు దొంగ క్లాసే లేదు, 1975లో దాన్ని కలిపారు. నేను చెప్పేదంతా 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ లెక్క. 2024లో సవరించిన పుస్తకం మీ చేతిలో ఉంటే కొన్ని లెక్కలు మారతాయి. ఉదాహరణకి, అందులో డెక్స్టెరిటీ (చురుకుదనం) లాంటి అంకెలకి కలిసే బోనస్ జాతి నుంచి కాదు, బ్యాక్‌గ్రౌండ్ నుంచి, అంటే ఆ పాత్ర గతం నుంచి వస్తుంది. కాబట్టి మీ టేబుల్ దగ్గర ఏ పుస్తకం వాడుతున్నారో ముందే అడిగేయండి.

క్యారెక్టర్ షీట్, అంటే మీ పాత్ర వివరాలు రాసుకునే కాగితం, ముందేసుకోగానే అంకెల మీద పడకండి. ముందు ఈ మనిషి కన్ను దేన్ని పట్టుకుంటుందో ఒక్క ముక్కలో చెప్పుకోండి. మా పిన్ని కూతురు వేసవి సెలవులకి గాజువాక నుంచి వచ్చి "అన్నయ్యా, నాకూ ఒకటి తయారు చేసిపెట్టు" అంటే, షీట్ పక్కన పెట్టి మర్నాడు చీకటితోనే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాను. అక్కడ వేలం జరిగేటప్పుడు మీరెప్పుడైనా నిలబడ్డారా? బుట్టలో వంజరం చూడగానే ఒకామె మొప్ప ఇలా ఎత్తి, వేలితో ఒత్తి, అది ఎప్పుడు పట్టిన చేపో చెప్పేస్తుంది. అదే చూపుతో ఎదుటివాడు ఇంకెంత దాకా పాడతాడో కూడా అంచనా కట్టేస్తుంది. మా చెల్లి అరగంట అలాగే చూస్తూ నిలబడి, ఇంటికొచ్చాక షీట్ మీద రాసింది: "చుక్క. రేవు ఊళ్లో పెరిగిన పిల్ల. ఎవరు అబద్ధం చెబుతున్నారో చేతులు చూసి పసిగడుతుంది." తాళాలు తీయడం, గోడలు ఎక్కడం దాని తర్వాతి సంగతి. ఈ ఒక్క వాక్యం ఉంటే మిగతా ఎంపికలన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ఇప్పుడు అంకెలు. పాచికలు వేసి అంకెలు తెచ్చుకునే పద్ధతి ఉంది కానీ మొదటిసారికి 15, 14, 13, 12, 10, 8 అనే సిద్ధంగా ఉన్న వరస తీసుకోండి, టెన్షన్ ఉండదు. 15ని కళ్లు మూసుకుని డెక్స్టెరిటీకి ఇచ్చేయండి, రోగ్‌కి కత్తి దెబ్బ, దాక్కోవడం, దెబ్బ తప్పించుకోవడం అన్నీ దాని మీదే నడుస్తాయి. చాలామంది తప్పు చేసేది రెండో అంకె దగ్గర. కాన్‌స్టిట్యూషన్, అంటే ఒంటి గట్టిదనం, బోర్‌గా కనిపిస్తుంది కదా అని అడుక్కి తోసేస్తారు. మొదటి లెవెల్‌లో రోగ్ ప్రాణం 8కి కాన్‌స్టిట్యూషన్ బోనస్ కలిపితే ఎంతో అంతే, కాబట్టి అక్కడ 14 పెట్టి బోనస్ 2 తెచ్చుకుంటే ప్రాణం 10 అవుతుంది. ఆ రెండు పాయింట్లే ఒక్కోసారి మీరు కింద పడకుండా కాపాడతాయి. చుక్కకి 13 కరిష్మాకి, 12 విజ్డమ్‌కి, 10 ఇంటెలిజెన్స్‌కి వెళ్లాయి, 8 స్ట్రెంగ్త్‌కి మిగిలింది. జాతి లైట్‌ఫుట్ హాఫ్లింగ్, మన నడుము దాకా వచ్చే పొట్టి మనుషులు. ఈ జాతికి డెక్స్టెరిటీలో 2, కరిష్మాలో 1 కలుస్తాయి కాబట్టి డెక్స్టెరిటీ 17 అయింది, అంటే బోనస్ +3. పైగా వీళ్లు తమకంటే పెద్ద మనిషి వెనకాల కూడా నక్కగలరు, దాడి చేసేటప్పుడు 20 ముఖాల పాచిక మీద 1 పడితే మళ్లీ వేసుకోవచ్చు. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి జాతి లేదనే నేనంటాను.

నైపుణ్యాలు రోగ్‌కి నాలుగొస్తాయి, బ్యాక్‌గ్రౌండ్ వల్ల ఇంకో రెండు. అందరూ క్రిమినల్ బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుంటారు, తప్పేం లేదు, కానీ రేవు పిల్లకి సెయిలర్ బాగా అతికింది. దాంతో అథ్లెటిక్స్, పర్సెప్షన్ (చుట్టూ ఉన్నవి గమనించడం) వచ్చాయి, క్లాస్ నుంచి స్టెల్త్ (చప్పుడు కాకుండా నక్కడం), ఇన్‌సైట్ (ఎదుటివాళ్ల మనసు పసిగట్టడం), డిసెప్షన్ (నమ్మేలా అబద్ధమాడటం), స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) తీసుకుంది. వీటిలో రెండింటికి ఎక్స్‌పర్టీజ్ పెట్టాలి, అంటే నైపుణ్యం బోనస్ 2 కాస్తా 4 అవుతుంది. స్టెల్త్‌కి పెడితే 3కి 4 కలిసి +7. రెండోది తాళాల పనిముట్లకా, పర్సెప్షన్‌కా అని చెల్లి చాలాసేపు ఆలోచించింది. నేను పర్సెప్షనే అన్నాను. తాళం ఎప్పుడో గానీ ఎదురవదు, చుట్టూ ఏముందో చూడాల్సిన అవసరం ప్రతి గదిలోనూ వస్తుంది.

రోగ్‌లకి ఒక రహస్య భాష కూడా వస్తుంది. అదేంటో అర్థం కాకపోతే చిన్నప్పుడు ప్రతి అక్షరం ముందు 'క' కలిపి పెద్దవాళ్లకి అర్థం కాకుండా మాట్లాడుకున్న క-భాష గుర్తు తెచ్చుకోండి, అలాంటిదే.

ఇక నేను ముందే చెప్పిన రూల్. స్నీక్ అటాక్ అన్న పేరు చూసి చీకట్లో వెనకనుంచి పొడిస్తేనే పనిచేస్తుందనుకుంటారు. కాదు. మీకు అడ్వాంటేజ్ ఉన్నా, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలున్నా సరే, లేదా శత్రువుకి 5 అడుగుల లోపు మీ వాడొకడు స్పృహలో నిలబడి ఉన్నా సరే, మీకు డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో చిన్నది తీసుకోవాల్సిన పరిస్థితి, లేనంతవరకు అదనంగా ఒక 6 ముఖాల పాచిక దెబ్బ పడుతుంది. పట్టపగలు, ఎదురెదురుగా కూడా. ఆయుధం మాత్రం రేపియర్, షార్ట్‌స్వోర్డ్, డాగర్ లాంటి ఫినెస్ కత్తి (బలం బదులు చురుకుదనంతో తిప్పగలిగేది) గానీ, విల్లు లాంటి దూరపు ఆయుధం గానీ అయ్యుండాలి.

చుక్క మొదటి గొడవ చెబుతాను. రేవు గోదాములో కావలివాడు, వాడి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే మనం చేరుకోవాల్సిన అంకె, 16, ప్రాణం 11. మా ఫైటర్, అంటే మా బావ, వెళ్లి వాడి ముందు నిలబడ్డాడు, ఆయన దెబ్బ తగల్లేదు. చెల్లి పాచిక మీద 12 పడింది, డెక్స్టెరిటీ 3, నైపుణ్యం బోనస్ 2, మొత్తం 5 కలిపితే 17, తగిలింది. రేపియర్ దెబ్బకి 8 ముఖాల పాచిక మీద 4, డెక్స్టెరిటీ 3 కలిపి 7. "ఆగాగు, నేను పక్కనే ఉన్నానుగా, ఇంకో పాచిక వెయ్" అన్నాడు బావ. వేస్తే 5 పడింది. మొత్తం 12, కావలివాడు కూలిపోయాడు. బావ అక్కడ లేకపోతే వాడు ఇంకా 4 ప్రాణంతో నిలబడి తిరిగి పొడిచేవాడు. ఆ తర్వాత నుంచి తన వంతు రాకముందే "బావా, నువ్వు ఎవరి దగ్గరికెళ్తున్నావ్?" అని అడగడం మొదలుపెట్టింది. రోగ్ ఆడటం వచ్చేసిందని నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే తోటివాళ్ల దగ్గర దొంగతనం వద్దంటున్నాను. "నా క్యారెక్టర్ అలాంటిది మరి" అనే సమాధానం విన్నాక ఫైటర్ మీ కోసం శత్రువు పక్కన ఎందుకు నిలబడతాడు? ఒకసారి ఒక కుర్రాడు హీలర్ దగ్గరున్న మందు సీసా కొట్టేశాడు. కథలో ఎవరూ కనిపెట్టలేదు కానీ టేబుల్ చుట్టూ అందరూ చూశారు, తర్వాతి ఆదివారం ఇద్దరు రాలేదు. చేతివాటం చూపించాలనిపిస్తే ఊరి జమీందారు ఉన్నాడు, పన్నులు పిండే అధికారి ఉన్నాడు, డీఎం దగ్గర అలాంటివాళ్లు బోలెడుమంది ఉంటారు.

సామాన్లలో లెదర్ ఆర్మర్, రెండు డాగర్లు, తాళాల పనిముట్లు ఎలాగూ వస్తాయి. లెదర్ వేసుకుంటే 11కి డెక్స్టెరిటీ 3 కలిపి ఆర్మర్ క్లాస్ 14. రేపియర్‌తో పాటు షార్ట్‌బో తీసుకోవచ్చు, లేదా రెండు షార్ట్‌స్వోర్డులు. రెండు కత్తుల్లో ఒక లాభముంది: మొదటి దెబ్బ తప్పితే బోనస్ యాక్షన్‌తో, అంటే అదే వంతులో దొరికే అదనపు చిన్న పనితో, రెండో కత్తి వెయ్యొచ్చు, స్నీక్ అటాక్ ఆ దెబ్బకి పడుతుంది. విల్లు తీసుకుంటే మాత్రం శత్రువు మీ మీదకొచ్చి నిలబడ్డాక కొట్టకండి, డిసడ్వాంటేజ్ వచ్చి స్నీక్ అటాక్ పోతుంది.

రెండో లెవెల్‌లో కన్నింగ్ యాక్షన్ వస్తుంది, కొట్టిన వెంటనే పరిగెత్తడమో, చిక్కకుండా జారుకోవడమో, దాక్కోవడమో బోనస్ యాక్షన్‌తోనే అయిపోతుంది. అప్పటిదాకా కాస్త ఓపిక పట్టండి. మూడో లెవెల్‌లో థీఫ్, అసాసిన్, ఆర్కేన్ ట్రిక్‌స్టర్‌లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, దాని గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దు.

మొదటి ఆటకి వచ్చేటప్పుడు పెన్ను కాదు, పెన్సిల్ తెచ్చుకోండి, ప్రాణం అంకె ఒక్క సాయంత్రంలోనే నాలుగైదుసార్లు చెరపాల్సి వస్తుంది. కూర్చోగానే రెండు విషయాలు అడగండి. డీఎంని, "ఇక్కడ నేను దాక్కోవడానికి ఏముంది?" అని. మీ పక్కవాళ్లని, "మీలో ముందుకెళ్లి నిలబడేదెవరు?" అని. మా మేడ మీద రెండో ప్రశ్నకి బావ చెయ్యెత్తాడు, చెల్లి తన కుర్చీ లాక్కుని వెళ్లి ఆయన పక్కన వేసుకుంది.